నాలుగు క్లబ్బులు, నాలుగు ప్రీమియర్‌షిప్‌లు: మార్టిన్ పైక్ కెరీర్‌ను ఎలా చదవాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. మెల్బోర్న్ వచ్చాక ఫుటీ (ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్, దాని పెద్ద లీగ్ ఏఎఫ్‌ఎల్) చూడటం మొదలుపెట్టారు. మార్టిన్ పైక్ పేజీ కంటపడింది. మెల్బోర్న్, ఫిట్జ్‌రాయ్, నార్త్ మెల్బోర్న్, బ్రిస్బేన్ లయన్స్ అని నాలుగు క్లబ్బులు తిరిగాడు. వాటిలో ఒకటి ఏకంగా మూతపడింది, ఇంకొకటి సాగనంపింది. అయినా నాలుగు ప్రీమియర్‌షిప్‌లు, అంటే లీగ్ కప్పులు, గెలిచాడు. ‘ఇతను గొప్ప ఆటగాడా, లేక గెలిచే జట్లలో సమయానికి చేరిన అదృష్టవంతుడా? ఐపీఎల్‌లోలా వేలం లేదు కదా, మరి వీళ్లు క్లబ్బులు ఎలా మారతారు?’ అని అడిగారు.

ముందు అంకెలు చూద్దాం, ఎందుకంటే సగం జవాబు వాటిలోనే ఉంది. పైక్ ఆడిన మొత్తం సీనియర్ మ్యాచ్‌లు 247. మెల్బోర్న్‌కు 1993, 94 సీజన్లలో 24. ఫిట్జ్‌రాయ్‌కి 1995, 96లో 36. నార్త్ మెల్బోర్న్‌కు 1997 నుంచి 2000 దాకా 81. బ్రిస్బేన్‌కు 2001 నుంచి 2005 దాకా 106. చాలామంది ఇక్కడ మొత్తం చూసి ఆగిపోతారు. సీజన్‌కు ఎన్నో భాగించి చూడండి: 12, 18, 20, 21. క్లబ్బు మారిన ప్రతిసారీ ఆ అంకె పెరిగిందే తప్ప తగ్గలేదు. పనికిరాక చేతులు మారిన ఆటగాడి కెరీర్ ఇలా ఉండదు. అలాంటివాళ్లకు మొదటి క్లబ్బులో 60, రెండో చోట 25, మూడో చోట 8 మ్యాచ్‌లు ఉండి, అక్కడితో కథ ముగుస్తుంది.

ఇందులో ఒక సర్దుబాటు అవసరం. గెలిచే జట్టు ఫైనల్స్ (లీగ్ మ్యాచ్‌లు అయ్యాక సెప్టెంబర్‌లో పై జట్ల మధ్య జరిగే మ్యాచ్‌లు) కూడా ఆడుతుంది కాబట్టి దాని ఆటగాడికి మ్యాచ్‌లు ఎక్కువే పడతాయి. అందుకని జట్టు ఆడినవాటిలో ఇతను ఎన్ని ఆడాడో చూడాలి. బ్రిస్బేన్ ఆ ఐదేళ్లలో సీజన్‌కు 22 చొప్పున 110 లీగ్ మ్యాచ్‌లు ఆడింది. ఫైనల్స్ 2001లో మూడు, 2002లో మూడు, 2003లో నాలుగు, 2004లో మూడు, 2005లో ఏమీ లేవు. మొత్తం 123కి పైక్ ఆడినవి 106, అంటే 86 శాతం. ఫైనల్స్ ముఖమే చూడని ఫిట్జ్‌రాయ్‌లో 44కి 36, అంటే 82 శాతం. మెల్బోర్న్‌లో మాత్రం సగం చిల్లర. చివరి క్లబ్బులో చేరేనాటికి అతనికి 28 ఏళ్లు, వదిలేనాటికి 32. ఆ వయసులో, ఒళ్లు హూనమయ్యే ఈ ఆటలో 86 శాతం మ్యాచ్‌లకు అందుబాటులో ఉన్నాడంటే కోచ్ అతన్ని జాలిపడి జట్టులో పెట్టుకోలేదని అర్థం.

ఇక రెండో ప్రశ్న, క్లబ్బులు మారే పద్ధతి. ఏఎఫ్‌ఎల్‌లో ఒక క్లబ్బు ఇంకో క్లబ్బుకు డబ్బు కట్టి ఆటగాణ్ణి కొనుక్కోదు. యూరప్ ఫుట్‌బాల్‌లోలా ట్రాన్స్‌ఫర్ ఫీజు గానీ, ఐపీఎల్‌లోలా పాట గానీ ఉండవు. ఇక్కడ చెల్లే నాణేలు రెండే: డ్రాఫ్ట్ పిక్, మరో ఆటగాడు. డ్రాఫ్ట్ అంటే క్లబ్బులు వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం, పిక్ అంటే అందులో ఒక వంతు. మొదటి డ్రాఫ్ట్ 1986లో జరిగింది. కిందటి సీజన్‌లో అట్టడుగున నిలిచిన క్లబ్బు ముందు ఎంచుకుంటుంది, కప్పు గెలిచినవాళ్లు చివర ఎంచుకుంటారు. జీతాలకు మొత్తం మీద ఒక సీలింగ్ ఉంటుంది, అది అందరికీ వర్తిస్తుంది. అందుకే డబ్బున్న క్లబ్బు కూడా మంచి ఆటగాళ్లందరినీ పోగేసి కూర్చోబెట్టలేదు.

పైక్ ఆడిన రోజుల్లో ఒప్పందం ముగిసిన ఆటగాడు వేరే క్లబ్బుకు వెళ్లాలంటే ఇలా జరిగేది. గ్రాండ్ ఫైనల్ (కప్పు తేల్చే ఆఖరి మ్యాచ్) అయ్యాక, అక్టోబర్‌లో ట్రేడ్ గడువు తెరుచుకుంటుంది. ఆటగాడి ఏజెంట్ ఏదో ఒక క్లబ్బుతో మాట్లాడుకుని, ‘మావాడు అక్కడికే వెళ్తానంటున్నాడు’ అని పాత క్లబ్బుకు చెబుతాడు. రెండు క్లబ్బులూ పిక్‌ల మీద బేరమాడతాయి. కుదిరితే సంతకాలు అవుతాయి. కుదరకపోతే అతను పాత క్లబ్బులోనే ఉండాలి, లేదా డ్రాఫ్ట్‌లోకి దూకాలి. దూకితే ఎక్కడ తేలతాడో అతని చేతిలో ఉండదు, కోరుకున్న క్లబ్బు వంతు రాకముందే ఇంకెవరైనా పేరు పిలవొచ్చు. 2003లో నిక్ స్టీవెన్స్‌కు అదే జరిగింది. పోర్ట్ అడిలైడ్ నుంచి కాలింగ్‌వుడ్‌కు వెళ్దామనుకున్నాడు, ట్రేడ్ కుదరలేదు, ప్రీ-సీజన్ డ్రాఫ్ట్‌లో కార్ల్‌టన్ ఎగరేసుకుపోయింది. 2009లో లూక్ బాల్ కూడా సెయింట్ కిల్డా నుంచి కాలింగ్‌వుడ్‌కు వెళ్లాలని అదే జూదం ఆడాడు. నేషనల్ డ్రాఫ్ట్‌లో 30వ పిక్ దాకా అతని పేరు ఎవరూ పిలవలేదు, కాలింగ్‌వుడ్ పిలిచింది, మరుసటి ఏడాదే కప్పు గెలిచాడు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఒప్పందం మధ్యలో ఉన్న ఆటగాణ్ణి అతని ఒప్పుకోలు లేకుండా ట్రేడ్ చేయడానికి వీల్లేదు. అమెరికా బాస్కెట్‌బాల్‌లోలా పొద్దున లేచేసరికి వేరే ఊరికి అమ్ముడుపోయి ఉండటం ఇక్కడ జరగదు. కాబట్టి ‘నాలుగు క్లబ్బులు’ అని కనపడగానే ‘నలుగురు వదిలించుకున్నారు’ అనుకోవద్దు. ప్రతి మార్పుకూ దాని కారణం దానికి ఉంటుంది. పైక్ విషయంలో ఆ మార్పులను వరసగా చూస్తేనే బొమ్మ పూర్తవుతుంది.

అతను దక్షిణ ఆస్ట్రేలియా వాడు. అడిలైడ్‌లోని నార్‌వుడ్ క్లబ్బులో పెరిగాడు. అక్కడి లీగ్ పేరు ఎస్‌ఏఎన్‌ఎఫ్‌ఎల్, నార్‌వుడ్‌కు ఆడిన మ్యాచ్‌లు ఈ 247లో కలవవు. మెల్బోర్న్ క్లబ్బులో రెండేళ్లు జట్టులోకి వస్తూ పోతూ గడిచాయి. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన ఇరవై ఏళ్ల కుర్రాడికి ఇది మామూలే, దాని గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు.

ఫిట్జ్‌రాయ్ దగ్గరే అసలు కథ మొదలవుతుంది. 1995లో పైక్ చేరేనాటికి ఆ క్లబ్బు మంచం పట్టి ఉంది. సొంత మైదానం లేదు. బ్రన్స్‌విక్ స్ట్రీట్ ఓవల్‌ను ఎప్పుడో వదిలేసి, ఊరంతా తిరిగి, చివరికి ఫుట్‌స్క్రేలోని విటెన్ ఓవల్‌ను హోమ్ గ్రౌండ్‌గా వాడుకుంటోంది. (మీరు టార్నీట్ నుంచి సిటీకి వెళ్లే రైలు ఫుట్‌స్క్రే మీదుగానే పోతుంది. ఆ మైదానం ఇప్పుడు వెస్ట్రన్ బుల్‌డాగ్స్ ప్రాక్టీస్ స్థావరం. బ్రన్స్‌విక్ స్ట్రీట్ ఓవల్ పాత గ్రాండ్‌స్టాండ్ నార్త్ ఫిట్జ్‌రాయ్‌లోని ఎడిన్‌బరో గార్డెన్స్‌లో ఇప్పటికీ ఉంది, ఎవరైనా వెళ్లి చూడొచ్చు.) అప్పుల్లో పెద్దది నౌరు ద్వీపానికి చెందిన ఇన్సూరెన్స్ సంస్థది. 1995లో జట్టు గెలిచినవి రెండే మ్యాచ్‌లు. 1996లో ఒక్కటే, అది ఎనిమిదో రౌండ్‌లో విటెన్ ఓవల్‌లో ఫ్రీమాంటిల్ మీద. సీజన్ మధ్యలోనే అడ్మినిస్ట్రేటర్ వచ్చాడు. జులైలో ఫిట్జ్‌రాయ్‌ను బ్రిస్బేన్ బేర్స్‌లో కలిపేయాలని తేల్చారు. మెల్బోర్న్‌లో చివరి మ్యాచ్ ఎంసీజీలో జరిగింది, రిచ్‌మండ్ చేతిలో 151 పాయింట్ల తేడాతో ఓడారు. వారం తరువాత, సెప్టెంబర్ 1న, పెర్త్‌లోని సుబియాకోలో ఫ్రీమాంటిల్ మీద చిట్టచివరి మ్యాచ్. 86 పాయింట్ల ఓటమితో ఆ క్లబ్బు ఏఎఫ్‌ఎల్ చరిత్ర ముగిసింది.

ఆ జట్టులో 1996 బెస్ట్ అండ్ ఫెయిరెస్ట్ (ఏడాదికి క్లబ్బు ఉత్తమ ఆటగాడి అవార్డు) పైక్‌దే. అంటే ఏఎఫ్‌ఎల్ క్లబ్బుగా ఫిట్జ్‌రాయ్ ఇచ్చిన ఆఖరి బెస్ట్ అండ్ ఫెయిరెస్ట్ అది. ఈ అవార్డు సొంత క్లబ్బు కోచ్‌లు ప్రతి మ్యాచ్ తరువాత వేసే ఓట్లతో తేలుతుంది. లీగ్ మొత్తంలో ఉత్తముడికిచ్చే బ్రౌన్‌లో మెడల్‌కు ఓట్లు వేసేది అంపైర్లు, మ్యాచ్‌కు 3, 2, 1 చొప్పున. ఈ రెండూ కలగాపులగం చేయకండి.

ఒకే మ్యాచ్ గెలిచిన జట్టులో ఉత్తమ ఆటగాడు అంటే దాని విలువెంత? ఇక్కడ రిక్రూటర్లు ఎందుకు తడబడతారో అర్థం కావాలంటే అతని పొజిషన్ తెలియాలి. మైదానంలో 18 మంది ఉంటారు. ముగ్గురేసి ఐదు వరసలు, వాటికి తోడు బంతి ఎక్కడుంటే అక్కడికి పరుగెత్తే ముగ్గురు. పైక్ ఎక్కువగా హాఫ్‌బ్యాక్ వరసలో, అంటే వెనక నుంచి రెండో వరసలో ఆడేవాడు, అవసరమైతే వింగ్‌లోకి, ముందుకు కూడా వెళ్లేవాడు. ఓడిపోయే జట్టులో బంతి రోజంతా వెనక వరసల మీదికే వచ్చి పడుతుంది. కాబట్టి హాఫ్‌బ్యాక్ వాడికి కిక్‌లు, హ్యాండ్‌బాల్‌లు (పిడికిలితో కొట్టి ఇచ్చే పాస్‌లు) వాటంతటవే పోగవుతాయి. అంకెలు పచ్చగా కనిపిస్తాయి గానీ, అందులో ఎంత ప్రతిభ, ఎంత వరద అనేది విడదీయడం కష్టం. అదే మనిషి గెలిచే జట్టులోకి వెళ్తే బంతులు తక్కువ అందుతాయి, అందిన ప్రతిదీ ప్రశాంతంగా వాడాలి. అందుకే బలహీనమైన జట్టు అవార్డును నమ్మాలా వద్దా అన్నది తరువాతి క్లబ్బులో సెప్టెంబర్ మ్యాచ్‌లకు కోచ్ అతన్ని ఎంచుకున్నాడా లేదా అన్నదాని మీద తేల్చుకోవాలి.

విలీనం ఒప్పందం ప్రకారం బ్రిస్బేన్‌కు ఎనిమిది మంది ఫిట్జ్‌రాయ్ ఆటగాళ్లను ఎంచుకునే హక్కు వచ్చింది. వాళ్లు ఎంచుకున్నది బ్రాడ్ బాయిడ్, జారడ్ మొలాయ్, క్రిస్ జాన్సన్, జాన్ బార్కర్, నిక్ కార్టర్, సైమన్ హాకింగ్, స్కాట్ బామ్‌ఫర్డ్, షేన్ క్లేటన్‌లను. క్లబ్బు ఉత్తమ ఆటగాడి పేరు అందులో లేదు. మిగతావాళ్లు ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు. మాథ్యూ ప్రైమస్ కొత్తగా వచ్చిన పోర్ట్ అడిలైడ్‌కు వెళ్లి తరువాత కెప్టెన్ అయ్యాడు. పైక్ నార్త్ మెల్బోర్న్‌లో తేలాడు. తమాషా ఏమిటంటే, బ్రిస్బేన్ కంటే ముందు ఫిట్జ్‌రాయ్‌తో కలవడానికి బేరం నడిపింది నార్తే. అది కలిస్తే జట్టు మరీ బలిసిపోతుందని మిగతా క్లబ్బులు అడ్డుపడ్డాయి. బ్రిస్బేన్ తరువాత 2001, 2002, 2003లో మూడు కప్పులు గెలిచింది. ఆ ఎనిమిది మందిలో మూడింటిలోనూ ఆడింది క్రిస్ జాన్సన్ ఒక్కడే. బాయిడ్‌ను గాయాలు తినేశాయి, బార్కర్ హాథార్న్‌కు వెళ్లాడు, 2000 చివర్లో మొలాయ్ కాలింగ్‌వుడ్‌కు పోగా అటు నుంచి మల్ మైకేల్ వచ్చాడు. 1996 ఫిట్జ్‌రాయ్ జట్టు నుంచి జాన్సన్‌తో పాటు ఆ మూడు కప్పులూ ఆడిన రెండో ఆటగాడు, అప్పట్లో ఎవరూ ఎంచుకోని పైక్.

నార్త్‌లో కోచ్ డెనిస్ పేగన్, కెప్టెన్ వేన్ కేరీ. 1996లోనే కప్పు గెలిచిన జట్టు. పేగన్ పద్ధతి తెలిసిందే: ముందున్న స్థలం ఖాళీ చేయించి, పొడవాటి కిక్‌తో బంతిని కేరీ ముందు పడేయడం. అలాంటి జట్టులో హాఫ్‌బ్యాక్ ఆటగాడి పని సూటిగా ఉంటుంది. ఎదుటివాడి దగ్గరికి వచ్చే బంతిని గుద్ది చెడగొట్టు, కిందపడ్డది ఏరుకో, ఆలస్యం చేయకుండా ముందుకు తన్ను. 1998లో ఆ జట్టు గ్రాండ్ ఫైనల్‌లో అడిలైడ్ చేతిలో ఓడింది. ఆ స్కోరు ఒకసారి చూడండి (చుక్కకు ముందు గోల్‌లు, తరువాత బిహైండ్‌లు): అడిలైడ్ 15.15, నార్త్ 8.22. గోల్‌కు 6 పాయింట్లు, గోల్ స్తంభానికి, పక్క స్తంభానికి మధ్య నుంచి పోయే బిహైండ్‌కు 1. అంటే 105కి 70. రెండు జట్లూ సరిగ్గా ముప్పైసార్లు స్కోరు చేశాయి, తేడా మొత్తం గురిలోనే ఉంది. మరుసటి ఏడాది కార్ల్‌టన్‌ను 19.10 (124), 12.17 (89) తేడాతో ఓడించారు. పైక్‌కు అది మొదటి ప్రీమియర్‌షిప్.

ఏడాది తిరిగేసరికి నార్త్ అతన్ని వదిలేసింది. కారణం మైదానం బయటి క్రమశిక్షణ. ఆట తగ్గడం వల్ల కాదు. మార్కెట్‌లో ఈ రెండింటి ధర వేరు. ఆట తగ్గినవాడికి కొనేవాళ్లు ఉండరు. క్రమశిక్షణ వల్ల బయటికి వచ్చినవాడి ఆట చెక్కుచెదరదు, ధర మాత్రం పడిపోతుంది. మిగతా క్లబ్బులు ఆలోచించేది ఒకటే: మన డ్రెస్సింగ్ రూమ్ ఇతన్ని అదుపులో పెట్టగలదా? కుర్రాళ్లతో నిండిన క్లబ్బు ఇలాంటివాణ్ణి తీసుకుంటే బెడిసికొట్టే అవకాశం ఎక్కువ, ఎందుకంటే దారితప్పితే చెప్పే సీనియర్ ఉండడు. బ్రిస్బేన్‌లో కోచ్ లీ మాథ్యూస్, కెప్టెన్ మైకేల్ వాస్. వాళ్ల ముందు అలాంటి వేషాలు సాగవు.

ఇంకో లెక్క కూడా ఉంది. మెల్బోర్న్ వాళ్లు క్వీన్స్‌ల్యాండ్ వెళ్లడానికి, వెళ్లినా అక్కడ నిలవడానికి అంతగా ఇష్టపడరు. బ్రిస్బేన్‌కు జీతాల సీలింగ్ మీద కొంత అదనపు అలవెన్స్ ఇచ్చింది అందుకే, దాని మీద మిగతా క్లబ్బులు ఏళ్ల తరబడి గొణిగాయి కూడా. అలాంటి ఊరికి, ఇంకెవరూ ఎగబడని, 28 ఏళ్ల, ఒక కప్పు గెలిచిన హాఫ్‌బ్యాక్ దొరకడం వాళ్లకు మంచి బేరం. వాళ్ల మధ్యవరసలో వాస్, సైమన్ బ్లాక్, నైజెల్ లాపిన్, జేసన్ అకర్మానిస్ ఉన్నారు. అంటే బంతి గెలిచేవాళ్లకు కొదవ లేదు. కావలసింది వెనక నుంచి పరుగుతో బంతిని తెచ్చి వాళ్లకు అందించే గట్టి మనిషి.

ఇక్కడే పైక్ ఆట ఎందుకు వికసించిందో కొంచెం దగ్గరగా చూడాలి. హాఫ్‌బ్యాక్ ఆటగాడు తన ప్రత్యర్థిని వదిలేసి ముందుకు పరుగెత్తడం పెద్ద పందెం. సహచరుడి చేతిలో బంతి ఉన్నప్పుడు ఇతను 40 మీటర్లు ముందుకు దూకాడనుకోండి. బంతి నిలబడితే ఎదుటి జట్టులో ఒకరు తక్కువైనట్టే, ఎందుకంటే ఇతని వెంట ఎవరూ రారు. బంతి పోతే మాత్రం ఇతను వదిలేసినవాడు గోల్ ముందు ఒంటరిగా నిలబడి ఉంటాడు, మార్క్ (తన్నిన బంతిని గాల్లోనే పట్టడం) పట్టి తాపీగా తన్నుకుంటాడు. మధ్యవరస బలహీనంగా ఉంటే ఈ పందెం చాలాసార్లు బెడిసికొడుతుంది, కోచ్ అతన్ని ప్రత్యర్థికి కట్టేస్తాడు. బ్లాక్, వాస్ లాంటివాళ్లు బంతిని వదలకపోతే అదే పరుగు ఆయుధమవుతుంది. ఫిట్జ్‌రాయ్‌లో చేసిన పనే బ్రిస్బేన్‌లోనూ చేశాడు. చుట్టూ ఉన్నవాళ్లు మారడంతో ఫలితం మారింది. ‘అదృష్టమా’ అన్న మీ మాటకు నా జవాబు ఇదే: అదృష్టం కొంత ఉంది, అది అతన్ని సరైన జట్టులో పడేసింది. అక్కడ ఐదేళ్లు నిలబడటం అదృష్టంతో అయ్యే పని కాదు.

ఆ మూడు కప్పుల్లో ఏ రెండూ ఒక తీరుగా రాలేదు. 2001లో బ్రిస్బేన్ పదో రౌండ్‌లో అప్పటి చాంపియన్ ఎసెండన్‌ను ఓడించి, అక్కడి నుంచి ఒక్కటీ ఓడకుండా వరసగా 16 గెలిచింది. గ్రాండ్ ఫైనల్‌లో సగం ఆటకు 14 పాయింట్లు వెనకబడి, చివరికి అదే ఎసెండన్‌ను 108-82తో మట్టి కరిపించింది. 2002 వానలో తడిసిన ఆట, కాలింగ్‌వుడ్ మీద 75-66, తొమ్మిది పాయింట్లే. 2003లో మొదటి ఫైనల్‌లోనే కాలింగ్‌వుడ్ చేతిలో ఓడి, పొడవాటి దారిన తిరిగి వచ్చారు. గ్రాండ్ ఫైనల్‌లో మాత్రం 134-84. బ్లాక్ ఒక్కడే 39 డిస్పోజల్స్‌తో (కిక్‌లు, హ్యాండ్‌బాల్‌లు కలిపి) గ్రాండ్ ఫైనల్ ఉత్తమ ఆటగాడికిచ్చే నార్మ్ స్మిత్ మెడల్ పట్టుకుపోయాడు. నా దృష్టిలో సీనియర్ వెనక వరస విలువ తెలిసేది 2002 లాంటి మ్యాచ్‌లోనే. తడి బంతి చేతిలో జారుతుంది, మార్క్‌లు పట్టలేరు, గోల్‌లు అరుదు. తొందరపడి చేసే ఒక్క తప్పు కప్పును తీసుకుపోతుంది.

పైక్ ఒక్కడే ఇలా తిరగలేదు. పోల్చి చూడటానికి ఇంకొందరు. డేల్ కికెట్ ఐదు క్లబ్బులకు ఆడాడు: 1990 ఫిట్జ్‌రాయ్, 1991 వెస్ట్ కోస్ట్, 1992 సెయింట్ కిల్డా, 1993 ఎసెండన్, తరువాత 1995 నుంచి ఫ్రీమాంటిల్. మొదటి నాలుగూ ఏడాదికొకటి. చూస్తే నిలకడలేని మనిషి అనిపిస్తుంది. ఫ్రీమాంటిల్‌లో మాత్రం ఎనిమిది సీజన్లు పాతుకుపోయి, 1997లో క్లబ్బు బెస్ట్ అండ్ ఫెయిరెస్ట్ గెలిచాడు. అతను పశ్చిమ ఆస్ట్రేలియా వాడు, ఇల్లు చేరాక నిలబడ్డాడు. బ్యారీ హాల్ సెయింట్ కిల్డా, సిడ్నీ, వెస్ట్రన్ బుల్‌డాగ్స్‌కు ఆడి, మూడు చోట్లా వంద గోల్‌లు దాటిన మొదటివాడయ్యాడు. పీటర్ బెల్‌ది ఇంకో రకం. ఫ్రీమాంటిల్ తొలి ఏడాదే వదిలేస్తే నార్త్‌లో 1996, 1999 కప్పులు గెలిచి, మళ్లీ ఫ్రీమాంటిల్‌కే తిరిగి వెళ్లాడు. 1999 జట్టులో బెల్, పైక్ ఇద్దరూ ఉన్నారు. ఇద్దరూ ఇంకో క్లబ్బు వద్దనుకున్నవాళ్లే.

రికార్డులు మీరే వెతికేటప్పుడు కొన్ని చోట్ల కాలు జారుతుంది. 1999 కప్పు ‘నార్త్ మెల్బోర్న్’ పేరు మీద దొరక్కపోవచ్చు, 1999 నుంచి 2007 దాకా ఆ క్లబ్బు ‘కంగారూస్’ పేరుతోనే ఆడింది. ‘బ్రిస్బేన్ బేర్స్’, ‘బ్రిస్బేన్ లయన్స్’ రికార్డుల్లో వేరువేరు జట్లు, రెండోది 1997లో మొదలవుతుంది. ఫిట్జ్‌రాయ్‌ను కూడా లయన్స్ అనే పిలిచేవారు, కాబట్టి ఒట్టి ‘లయన్స్’ అని వెతికితే రెండు క్లబ్బుల లెక్కలూ కలిసిపోతాయి. వెస్ట్రన్ బుల్‌డాగ్స్ 1996 దాకా ఫుట్‌స్క్రే. ఏఎఫ్‌ఎల్ టేబుల్స్ సైట్‌లో ఆటగాడి పేజీ తెరిస్తే సీజన్ వారీగా మ్యాచ్‌లు, గోల్‌లు, ఆడిన ప్రతి రౌండూ కనిపిస్తాయి. ముందు సీజన్‌కు మ్యాచ్‌లు, తరువాత సెప్టెంబర్ మ్యాచ్‌లు, ఆ తరువాతే కిక్‌ల సంఖ్య చూడండి. రౌండ్ల మధ్య ఖాళీలు ఉంటే గాయమా, సస్పెన్షనా, రిజర్వ్స్‌లో పడేశారా అన్నది ఆ పేజీ చెప్పదు, అప్పటి వార్తలు తిరగేయాల్సిందే.

క్లబ్బులు మారినందుకు ఇంకో చోట కూడా లెక్క పడుతుంది. తండ్రి ఒకే క్లబ్బుకు 100 మ్యాచ్‌లు ఆడితేనే కొడుకును ఆ క్లబ్బు ఫాదర్-సన్ నిబంధన కింద డ్రాఫ్ట్‌లో దక్కించుకోగలదు. 247 ఆడినా పైక్ ఆ గీత దాటింది బ్రిస్బేన్‌లో మాత్రమే, 81తో నార్త్‌లో ఆగిపోయాడు. జీలాంగ్, సెయింట్ కిల్డా, బ్రిస్బేన్, ఫ్రీమాంటిల్ తిరిగిన ఏడ్రియన్ ఫ్లెచర్ బ్రిస్బేన్‌లో వంద దాటాడు కాబట్టే అతని కొడుకు జాస్పా అదే క్లబ్బుకు వచ్చి, 2024 కప్పు జట్టులో ఆడాడు.

ఇప్పటి నిబంధనలు పైక్ కాలం నాటివి కావు. 2012 నుంచి ఫ్రీ ఏజెన్సీ వచ్చింది. ఒకే క్లబ్బులో ఎనిమిదేళ్లు నిండి, ఒప్పందం ముగిస్తే ఆటగాడు నచ్చిన చోటికి వెళ్లొచ్చు. అయితే క్లబ్బులో జీతాల పరంగా పై పావు వంతులో ఉంటే ‘రిస్ట్రిక్టెడ్’ అవుతాడు, అంటే పాత క్లబ్బు అదే ఆఫర్‌ను తనూ ఇచ్చి ఆపుకోవచ్చు. పదేళ్లు దాటితే ఆ అడ్డు కూడా ఉండదు. 2013లో లాన్స్ ఫ్రాంక్లిన్ హాథార్న్ నుంచి సిడ్నీకి తొమ్మిదేళ్లు, కోటి డాలర్ల ఒప్పందంతో వెళ్లినప్పుడు హాథార్న్ దానికి సరితూగలేక వదులుకుంది. 2015 నుంచి రాబోయే ఏడాది పిక్‌లను కూడా ట్రేడ్‌లో పెట్టనిస్తున్నారు, దానితో బేరాలు మరీ చిక్కుపడ్డాయి.

పైక్ లాంటివాడికి పనికొచ్చేది వీటిలో ఏదీ కాదు, డీలిస్టెడ్ ఫ్రీ ఏజెంట్ అనే నిబంధన. ఎప్పుడూ ఒక చోట ఎనిమిదేళ్లు లేడు కాబట్టి ఆ ఎనిమిదేళ్ల లెక్కన ఫ్రీ ఏజెన్సీ అతనికి వర్తించేది కాదు. 2000లో క్లబ్బు వదిలేసిన ఆటగాడు డ్రాఫ్ట్‌లో ఎవరైనా పేరు పిలుస్తారని ఎదురుచూడాలి, తీసుకునే క్లబ్బు ఒక పిక్ ఖర్చు పెట్టాలి. ఇప్పుడైతే వదిలేశాక, అందుకు కేటాయించిన గడువులో, ఏ క్లబ్బుతోనైనా నేరుగా మాట్లాడుకుని సంతకం పెట్టొచ్చు, పిక్ ఖర్చు ఉండదు, ఊరు కూడా తనే ఎంచుకోవచ్చు. ఈ అక్టోబర్‌లో మీరు ట్రేడ్ వార్తలు చూస్తే పెద్ద పేర్ల హడావుడి అయ్యాక, డ్రాఫ్ట్‌కు ముందు రెండు మూడు వారాల్లో వచ్చే ఆ చిన్న సంతకాల జాబితా వదలకండి. 27, 28 ఏళ్ల వయసు, కిందటి రెండు సీజన్లలో 15కు పైగా మ్యాచ్‌లు, రెండు మూడు పొజిషన్లలో ఆడిన అనుభవం. ఈ మూడూ ఉన్నవాడు ఫైనల్స్‌కు అలవాటుపడిన క్లబ్బులో చేరాడా అన్నది చూడండి.